కాంటా సరిచేసిన ఏడాది: మా సంఘంలో ఒక సువార్త సాక్ష్యం

తన కాంటా మోసాన్ని సరిదిద్దుకున్న ఒక పత్తి వ్యాపారి కేసు ఇది. రాయడానికి ఏడాదికి పైగా ఆగాను. ఇందులోని మనిషి ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నాడు, ఇంకా పత్తి కొంటూనే ఉన్నాడు. రాసిందంతా ఆయనకీ, ఆయన భార్యకీ చదివి వినిపించాను. రెండు చోట్ల ఆమె వద్దంది, తీసేశాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. నేను ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల సరిహద్దులో ఆరు ఊళ్ల సంఘాలను చూసుకునే పాస్టర్‌ని. సేవలోకి వచ్చి 19 ఏళ్లయింది. చిన్న ఊళ్లలో, పక్కన సలహా చెప్పే మనిషి లేకుండా పనిచేసే తోటి సేవకులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదలైంది ఒక ముసలమ్మ మాటతో

2023 డిసెంబర్ మొదటి వారం. క్రిస్మస్ ముందు ఊళ్లో ఇంటింటికీ వెళ్లి ఆరాధనకు పిలవడం మా అలవాటు. క్రైస్తవులా కాదా అని చూడం, అందరినీ పిలుస్తాం. ఒక ఇంటి ముందు పట్టా పరిచి పత్తి కుప్ప పోసి ఉంది. అరవై దాటిన అమ్మ ఒకామె రంగు మారిన పత్తి ఏరి పక్కన వేస్తోంది. నేను పిలిచాను. ఆమె తల ఎత్తకుండానే అంది:

"మీ దేవుడు మంచోడే అయ్యగారూ. మీ కాంటానే మంచిది కాదు."

నా వెంట ఉన్న యువకులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరి కాంటా అని నేను అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. ఆ ఊళ్లో పత్తి కొనే చిల్లర కాంటాలు మూడుంటే, అందులో ఒకటి మా సంఘస్థుడిది. ఆదివారం కానుక సంచి పట్టేది ఆయనే. వాక్యభాగం చదివేది ఆయనే, మంచి గొంతు. గుడిలో మైకు సెట్టు కోసం 40,000 రూపాయలు ఇచ్చింది కూడా ఆయనే.

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు కొత్త కాదు. రెండేళ్ల ముందే మా యూత్‌లో ఒక కుర్రాడు "అయ్యగారూ, ఆయన కాంటా రెండు కిలోలు తింటది" అని నా చెవిలో వేశాడు. చూద్దాంలే అన్నాను. ఏం చూడలేదు. మైకు సెట్టు వచ్చింది ఆ తర్వాతి నెలలోనే. ఈ కేసులో మొదటి తప్పు కాంటా మనిషిది కాదు, నాది. దీన్ని చివర్లో పశ్చాత్తాపంలా కాకుండా మొదట్లోనే రాస్తున్నాను. ఎందుకంటే ఇలాంటి కేసుల్లో పాస్టర్ మౌనానికి దాదాపు ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది, ఆ కారణం చాలాసార్లు గుడి గోడలోనో, గుడి మైకులోనో కనిపిస్తుంది.

చిల్లర కాంటా ఎలా నడుస్తుంది

పత్తి పండే ప్రాంతం కాని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఆ సీజన్‌లో పొడవు పింజ పత్తికి ప్రభుత్వ మద్దతు ధర క్వింటాకు 7,020. సీసీఐ, అంటే కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ వాళ్లు, పత్తి నుంచి గింజ వేరు చేసే జిన్నింగ్ మిల్లుల దగ్గర కొంటారు. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, పెరిగేకొద్దీ కోత, 12 దాటితే తీసుకోరు. రైతు బండి కిరాయి పెట్టుకుని పోవాలి, లైన్లో ఉండాలి, డబ్బు తర్వాత బ్యాంకులో పడుతుంది. పది క్వింటాళ్లున్న రైతుకు అది సరే. రెండు బస్తాలు ఏరించి, సాయంత్రానికల్లా ఏరిన కూలీలకు డబ్బులివ్వాల్సిన కౌలు రైతుకు అది కుదరదు. అక్కడే చిల్లర కాంటా అవసరం. ఇంటి ముందుకే వస్తాడు, తూకం వేస్తాడు, చేతిలో నోట్లు పెడతాడు.

ఇందులో రైతుకు మూడు చోట్ల కోత పడుతుంది. ఒకటి, ధర. మద్దతు ధర కంటే ఐదారు వందలు తక్కువకు కొంటారు. రెండు, తరుగు. బస్తా బరువనీ, తేమనీ కిలో అర కిలో తీసేస్తారు. మూడు, కాంటా అబద్ధం చెప్పడం. ఎలక్ట్రానిక్ కాంటాలో వందకు నాలుగు తగ్గేలా చేసిచ్చే మెకానిక్కులు ఉన్నారు. 50 కిలోల బస్తా పెడితే 48 చూపిస్తుంది.

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టకూడదని నాకు తర్వాత తెలిసింది. ధర తక్కువ ఇవ్వడం బేరం, రైతుకు తెలిసే జరుగుతుంది. తరుగు అన్యాయమే కావచ్చు, కానీ అది కూడా మొహం మీదే చెప్పి తీస్తారు, రైతు గొడవపడగలడు. మూడోది దొంగతనం. మనం వెళ్లి "నువ్వు రైతులను దోచుకుంటున్నావు" అని గంపగుత్తగా అంటే, ఆయన మొదటి రెండింటికి సమాధానం చెప్పి మూడోది దాటేస్తాడు. నా దగ్గర సరిగ్గా అదే జరిగింది.

మొదటి మూడు సార్లు

తప్పు చేసిన సహోదరుడి దగ్గరికి మొదట ఒంటరిగా వెళ్లి మాట్లాడమని ప్రభువు చెప్పిన క్రమం మత్తయి 18లో ఉంది. పెద్దలెవరికీ చెప్పకుండా వెళ్లాను. మొదటిసారి ఆయన నవ్వేశాడు. "బిజినెస్ అన్నాక అనేవాళ్లు అంటారు అయ్యగారూ. మిల్లు దగ్గర మాకెంత కోస్తారో వాళ్లకేం తెలుసు?" మిల్లులో వాళ్లు ఈయన్ని ఎలా కోస్తారో అరగంట చెప్పాడు. అందులో చాలా నిజం. నేను టీ తాగి వచ్చాను.

రెండోసారి సామెతలు 11వ అధ్యాయం మొదటి వచనం తీసి ఆయన చేతే చదివించాను. "దొంగత్రాసు యెహోవాకు హేయము." ఆదివారం చదివే అదే గొంతుతో చదివాడు. చదివి పుస్తకం మూసి, "అందరూ చేసేదే, నేనొక్కణ్ణి మానితే నేను మునుగుతా, ఊరు బాగుపడదు" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే. కానీ ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నెల నెలా జీతం తీసుకునే వాణ్ని, ఏం చెప్పను?

మూడోసారికి ముందు నేను పెద్ద పొరపాటు చేశాను. జనవరి మొదటి ఆదివారం ప్రసంగంలో, పేరు చెప్పకుండా, న్యాయమైన త్రాసు గురించి మాట్లాడాను. పేరు ఎందుకు, ముప్పై ఇళ్ల సంఘంలో? అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి. ఆయన భార్య మధ్యలో లేచి పిల్లను తీసుకుని వెళ్లిపోయింది. రెండు నెలలు గుడికి రాలేదు. ఒంటరిగా వెళ్లమన్న మాటను నేనే సగంలో వదిలేసి, వేదిక మీద నుంచి రాయి వేశాను. ఆమె వెళ్లిపోతున్నప్పుడు చెప్పులు చేతిలోనే పట్టుకుని మెట్లు దిగడం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

కాబట్టి ఆయన మారింది నా ప్రసంగం వల్ల కాదు. ఆ సంగతి ఆయన నోటితో విన్నాను. మూడోసారి ఆయనే, జనవరి చివర్లో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు మా ఇంటికి వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు. అంతకు ముందు రోజు సాయంత్రం చిన్న బిడ్డ, మూడో తరగతి, ఆడుతూ ఆడుతూ కాంటా ఎక్కిందట. 24 చూపించింది. "నాన్నా, బళ్లో 25 చూపిచ్చింది. నేను చిక్కిపోయిన్నా?" అని అడిగిందట. ఈయన బటన్ నొక్కి మళ్లీ నిలబెట్టాడు. 25 వచ్చింది. పిల్ల సంతోషంగా దిగి పోయింది.

"దానికి నిజం చూపిచ్చిన అయ్యగారూ," అన్నాడు. "ఊరికి చూపియ్యలే."

చాలాసేపు ఏడ్చాడు. మా ఇంటావిడ మంచినీళ్లు తెచ్చి పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఎంత, ఎలా

ఆ రాత్రి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఇచ్చేస్తే దేవుడు వదిలేస్తడా?"

ఇక్కడ తొందరపడి "అవును" అంటే సువార్త అక్కడే పోతుంది. లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నది యేసు ఆయన ఇంట్లో అడుగుపెట్టాక. డబ్బు కట్టి యేసును ఇంటికి పిలుచుకోలేదు. ఆయన వచ్చాడు గనక పెట్టె తెరుచుకుంది. నేను అదే చెప్పాను: నీ అప్పు సిలువ మీద కట్టేశారు, నువ్వు ఇచ్చేది దేవుడికి కాదు, పక్కింటి వాళ్లకు. అది వాళ్ల డబ్బు, అంతే. ఈ తేడా ఆయనకు అర్థం కావడానికి రెండు వారాలు పట్టింది. అర్థమయ్యాక మనిషిలో టెన్షన్ తగ్గింది. అంతకు ముందు భయంతో లెక్కలు వేసిన వాడు, ఆ తర్వాత ఓపికగా వేశాడు.

ఆయన దగ్గర మూడు సీజన్ల పుస్తకాలే మిగిలాయి. సన్నగా పొడుగ్గా ఉండే ఎర్ర అట్ట బుక్కులు. రైతు పేరు, బస్తాలు, కిలోలు, ధర. ఏడాదికి సుమారు 400 క్వింటాళ్లు. వందకు నాలుగు చొప్పున ఏడాదికి 16 క్వింటాళ్లు కాంటా మింగింది. ఏ ఏడాది ధర ఆ ఏడాదికి వేస్తే మూడేళ్లకు 3,52,000 తేలింది. 73 ఇళ్లు.

ఆవేశంలో నాలుగంతలు ఇస్తానన్నాడు. నేను వద్దన్నాను. ఇది నా తీర్పు, దీంతో ఏకీభవించని సేవకులు ఉంటారు. జక్కయ్య సుంకపు గుత్తదారు, ధనవంతుడని లూకా ముందే చెప్పాడు. ఈయన ఇల్లు సగం అప్పు మీద ఉంది, ఇద్దరు పిల్లలు. నాలుగంతల మాట ఇచ్చి, మూడు ఇళ్లకు ఇచ్చి చతికిలపడితే మిగతా 70 ఇళ్లకు అదింకో మోసం అవుతుంది. లేవీయకాండం 6వ అధ్యాయంలో పొరుగువాణ్ని మోసం చేసిన వాడు మూలధనం ఇచ్చి, దానికి ఐదో వంతు కలపాలని ఉంది. ఆ లెక్కే పట్టుకున్నాం. ఐదో వంతు 70,400. మొత్తం 4,22,400.

ఆ అంకె కాగితం మీద రాసినప్పుడు ఆయన భార్య వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. "పెద్దదాని పెళ్లికి దాసింది ఇచ్చేస్తవా? అయ్యగారు కడతరా రేపు కట్నం?" అంది. ఆ కోపం న్యాయమైనదే. ప్రసంగంలో నేను ఆమెను అవమానించిన సంగతి కూడా ఆ కోపంలో ఉంది. ఆ రోజు నేనేం మాట్లాడలేదు. తర్వాత మా ఇంటావిడ ఒక్కతే నాలుగైదు సార్లు వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. మిరప తోటలో కాయ కోతకు ఇద్దరూ కలిసి వెళ్లారని మాత్రం తెలుసు. మార్చిలో నేను ఆమె ఇంటికి వెళ్లి, వేదిక మీద నుంచి మాట్లాడినందుకు క్షమించమని అడిగాను. ఆమె వెంటనే ఏమీ అనలేదు. పై ఆదివారం గుడికి వచ్చి వెనక కూర్చుంది. ఆ వారంలోనే ట్రాలీ ఆటో అమ్మడానికి ఒప్పుకుంది. 1,85,000 వచ్చింది. చీటీ పాడి ఒక లక్ష తీశారు.

గుడి వాటా

పెద్దల మీటింగ్‌లో ఈ విషయం పెట్టడానికి ఆయన అనుమతి తీసుకున్నాను. నేను పెట్టిన ప్రశ్న ఒక్కటే: మైకు సెట్టు 40,000 ఎవరిది?

ఇంత గొడవ అవుతుందనుకోలేదు. "దేవుడికిచ్చింది వెనక్కి ఇచ్చుడేంది?" అని ఒకరు. "మైకు అమ్మితే క్రిస్మస్‌కు ఏం పెడతం?" అని ఇంకొకరు. దాదాపు గంటన్నర నడిచింది. చదువు రాని ఒక విధవరాలు, మా సంఘంలో పెద్దావిడ, మూలన కూర్చుని వింటోంది. ఆమె అంది: "యేసును పట్టిచ్చిన యూదా పారేసిన ముప్పై వెండి నాణేలను ఆ యాజకులే కానుక పెట్టెలో వెయ్యలేదు గదా. యేసును చంపించినోళ్లకే అంత పట్టింపు ఉంటే, మనకుండద్దా?"

ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. మైకు అమ్మలేదు. ఈ ప్రాంతంలో సంఘాలకు కోత పండుగ పెద్ద పండుగ. వడ్లు, కోళ్లు, గుమ్మడికాయలు, మొదటి కోత మిర్చి తెచ్చి గుడి ముందు పెడతారు, వేలం వేస్తారు. ఒక్కో కోడి రెండు మూడు చేతులు మారి మళ్లీ గుడికే వచ్చి మళ్లీ వేలానికి పోతుంది. ఆ ఏడాది పండుగ డబ్బులోంచి 40,000 తీసి ఆ 73 ఇళ్ల లెక్కలో కలిపాం. సంఘం పుస్తకంలో ఆ ఖర్చును ఏ పద్దు కింద రాయాలో మా కోశాధికారికి తోచలేదు. చివరికి "రైతులకు తిరిగి ఇచ్చినది" అని రాశాడు.

ఒక మనిషి పశ్చాత్తాపాన్ని మిగతా సంఘం పక్కన నిలబడి చూడటం వేరు, అందులో చెయ్యి కలపడం వేరు. మేం ఆ 40,000 ఇవ్వకపోయి ఉంటే, మంచితనమంతా ఆయన మీద వేసి, ఆయన డబ్బుతో కొన్న మైకులో మేం పాటలు పాడుతూ ఉండేవాళ్లం.

మొదటి ఇంట్లో నేను చేసిన పని

ఏప్రిల్‌లో తిరిగి ఇవ్వడం మొదలైంది. మొదటి ఇంటికి ఆయనతో నేనూ వెళ్లాను. తోడుగా ఉందామనే. కవరు ఇచ్చాక రైతు అయోమయంగా చూస్తుంటే, నేను అందుకుని యేసు ప్రభువు ఈయన్ని ఎలా మార్చాడో చెప్పి, ఒక చిన్న ప్రార్థన చేసుకుందామా అన్నాను. ఆ రైతు మొహం గట్టిపడింది. కవరు తీసి నా మోకాళ్ల మీద పెట్టాడు. "దీనికోసం దేవుణ్ని మార్చుకోవాల్నా? పట్టుకపోండి."

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? పాస్టరు, బైబిలు, డబ్బు కవరు, మూడూ ఒకేసారి గడప దాటి వస్తే ఎవరైనా అదే అనుకుంటారు. అప్పుడు ఊళ్లో ఇంకో పుకారు కూడా లేచింది. సర్పంచుల పదవీకాలం అయిపోయి, ఎన్నికలు ఎప్పుడొస్తాయా అని చూస్తున్న రోజులు. ఈయన వార్డు మెంబరుకు నిలబడతాడని, ఇవి ముందస్తు ఓటు డబ్బులని అన్నారు.

ఆ రాత్రి నాకు ఒంగోలు సంగతి గుర్తొచ్చింది. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్న వేల మందికి ఆ మట్టి పని కూలి పెట్టింది. అయితే కరువు నడిచినంత కాలం, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని, కూటి కోసం ఎవరూ రాకూడదని. కరువు తగ్గి సాయం ఆగాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనం ఆ 2,222 అంకెను పండుగల్లో చెప్పుకుంటాం. అంతకు ముందు ఆయన గేటు మూసి ఉంచిన నెలల గురించి చెప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు. నాకు కావాల్సింది ఆ మూసిన గేటు.

కాబట్టి పద్ధతి మార్చాం. ఆయన ఒక్కడే వెళ్లాలి. బైబిలు వద్దు, కరపత్రం వద్దు, ప్రార్థన వద్దు, గుడికి రమ్మని పిలవడం వద్దు. చెప్పాల్సింది ఇంతే: "మూడేళ్లు నా కాంటా తక్కువ చూపించింది. నాకు తెలిసే జరిగింది. మీకు రావాల్సింది ఇంత. తప్పు నాదే, క్షమించండి." ఇచ్చి వచ్చేయాలి. ఎందుకిస్తున్నావని వాళ్లు అడిగితే అప్పుడు చెప్పాలి. పేతురు మొదటి పత్రిక 3:15లో మన నిరీక్షణకు, అంటే ఆశకు, కారణం అడిగే ప్రతివానికీ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని ఉంది, సాత్వికంతో, భయంతో. ఆ వచనం మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. సిద్ధంగా ఉండడం గురించే చెప్పాను. ముందు ఎవరో అడగాలి కదా, అడగాలనిపించేలా మన బతుకులో ఏముంది అన్నది ఎప్పుడూ చెప్పలేదు.

కొందరు ఇది మరీ మౌనమని అన్నారు. మా ప్రాంతంలో ఆ అభ్యంతరానికి బరువుంది. దోర్నకల్ మాకు దూరం కాదు. 1912లో అక్కడి బిషప్‌గా, ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయిన వి. ఎస్. అజరయ్య, బాప్తిస్మం తీసుకున్న ప్రతి ఒక్కరి చేతా తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ, అంటే కీడు, అని చెప్పించేవాడు. కూలీ చేతా, పాలేరు చేతా. ఆ మాట మా నాయనమ్మలకు కూడా తెలుసు. నేను దాన్ని కాదనడం లేదు. కానీ కాంటా మీద చెయ్యి ఒక రకంగా ఉండి, తల మీద చెయ్యి ఇంకో రకంగా ఉంటే ఊరు ఏ చేతిని నమ్ముతుంది? ఆ ముసలమ్మ చెప్పింది అదే.

73 గడపలు

ఏప్రిల్ నుంచి జూన్ దాకా తిరిగాడు. ఒక్కో రాత్రి వచ్చి ఏమైందో చెప్పేవాడు. కొందరు నవ్వుతూ తీసుకున్నారు. ఒకతను లెక్కపెట్టుకుని, "ఇంకో వెయ్యి రావాలె" అని కొట్లాడాడు. బుక్కు తెరిచి చూస్తే నిజమే, ఇంకో వెయ్యి రావాలి. ఇచ్చాడు. మొదట కవరు విసిరిన రైతు నెల తర్వాత మాట్లాడకుండా తీసుకున్నాడు.

ఒక పెద్ద రైతు ఇంటి సంగతి మాత్రం రాయాలి. మా సంఘస్థుడు దళితుడు. ఆ ఇంట్లో ఆయన్ని వాకిట్లోనే నిలబెట్టారు. డబ్బు చేతికి తీసుకోలేదు. "అక్కడ పెట్టు" అని అరుగు చూపించారు. పెట్టాడు. గాలికి ఎగిరిపోతాయని పక్కనున్న రాయి తీసి నోట్ల మీద పెట్టాడు. "మీవాళ్లంతా ఇంతే అని ఎప్పుడో తెలుసు" అన్నాడట ఆ ఇంటి కొడుకు. ఈయన తప్పు ఒప్పుకోవడం కులం మొత్తానికి మచ్చ అయిపోయింది. అదే పని చేసే మిగతా రెండు కాంటాల వాళ్ల కులాన్ని ఎవరూ ఏమీ అనలేదు.

ఆ రాత్రి నాకు కోపం ఆగలేదు. ఆ ఇంటికి వెళ్లి మాట్లాడతానన్నాను. ఆయనే వద్దన్నాడు. "నేను వాళ్ల దగ్గర మర్యాద కొననీకి పోలే అయ్యగారూ. వాళ్ల పైసలు వాళ్లకిచ్చిన." తర్వాత కాసేపు ఆగి, "కానీ బాధ అయింది" అన్నాడు. నేనేం చెప్పలేదు, పక్కన కూర్చున్నాను. ఇలాంటి చోట సహనం గురించి వచనాలు చెప్పే సేవకులకు నా మనవి, చెప్పకండి. ఆ మనిషి అప్పటికే వచనం మోసుకుని వచ్చాడు.

నిజం చెప్పే కాంటాకు వచ్చిన నష్టం

2024 అక్టోబర్‌లో కొత్త సీజన్. కాంటాను సరి చేయించి, తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాడు. ఏడాదికోసారి వేయించాల్సిందే, అంతకు ముందు దాటేసేవాడు. ముద్ర ఉన్న 20 కిలోల గుండు ఒకటి కొని కాంటా పక్కనే పెట్టాడు. ఎవరైనా ముందు గుండు పెట్టి చూసుకోవచ్చు.

మొదటి నెలలో ఆయన దగ్గరికి వచ్చిన పత్తి సగానికి పడిపోయింది. మేమెవరం ఊహించలేదు. కారణం తేలిక. కాంటా నాలుగు శాతం తింటుంటే పక్క వ్యాపారి క్వింటాకు వంద, నూట యాభై ఎక్కువ పలకగలడు, అయినా మిగులుతుంది. నిజం తూకం వేసేవాడు ఆ ధర పలకలేడు. రైతుకు వినిపించేది ధర. కిలోలు కనపడవు. నిజాయితీగా ఉంటే దేవుడు వ్యాపారం దీవిస్తాడని వేదికల మీద మనం తేలిగ్గా అనేస్తాం. ఆ నెల ఆయన బియ్యం అప్పు తెచ్చుకున్నాడు. అప్పుడు మా సంఘంలో మూడు కుటుంబాలు, అడక్కుండానే, కాయ ఏరిన ప్రతిసారీ పత్తి ఆయనకే వేశాయి. పక్క వ్యాపారి ధర ఎక్కువ పలుకుతున్నా సరే.

డిసెంబర్‌కు కొంచెం మారింది. ఒక యువ రైతు ఒకే బస్తాను రెండు కాంటాల మీద పెట్టి చూసి, తేడా ఫోన్లో ఫోటో తీసి ఊళ్లో చూపించాడు. ఆ తర్వాత చిన్న రైతులు ముందు ఇక్కడ తూకం వేయించుకుని, ఆ కిలోలు చీటీ మీద రాసుకుని, పక్క కాంటాకు వెళ్లి బేరం ఆడటం మొదలుపెట్టారు. దానివల్ల ఈయనకు పైసా రాదు. తిట్టుకుంటూనే ప్రతివాడికీ తూకం వేసిచ్చాడు. సీజన్ చివరికి పాత వ్యాపారంలో మూడొంతుల్లో రెండొంతులు వచ్చింది. మిగిలిన 97,400 కూడా ఆ సంక్రాంతి తర్వాత తీర్చాడు.

నా వార్షిక రిపోర్టులో బాప్తిస్మాల గడిలో ఆ ఊరికి సున్నా రాశాను. 73 ఇళ్లలో ఎవరూ గుడికి రావడం మొదలుపెట్టలేదు. అది దాచి ఈ కేసు చెప్పడం న్యాయం కాదు. సంఘం లోపల మాత్రం కొన్ని కదిలాయి. మహిళా పొదుపు సంఘం లెక్కలు చూసే మా సోదరి ఒకామె, నాలుగేళ్లుగా సర్దుతూ వచ్చిన 6,000 సంగతి తానే వచ్చి చెప్పి కట్టేసింది. నేను కూడా ప్రయాణ ఖర్చుల బిల్లులు కాగితం మీద సరిగ్గా రాయడం నేర్చుకున్నాను.

"ఎందుకిచ్చావు?" అని అడిగిన ఇళ్లు పదకొండు. ఆయన లెక్క పెట్టుకున్నాడు. అందులో ఒకటి మొదట్లో చెప్పిన ముసలమ్మది. డబ్బు తీసుకుని కొంగున ముడేసుకుని, అడిగింది: "ఎవరన్నా పట్టుకున్నరా అల్లుడా? కేసయిందా?"

"లేదత్తా. ఎవరూ పట్టుకోలే."

"మరెందుకు?"

ఆదివారం మైకులో అంత బాగా చదివే మనిషికి మాట తడబడిందట. చివరికి, "నా లెక్క మొత్తం యేసయ్య కట్టేసిండు అత్తా. నాకు వదిలేసినాయన ముందు నీ లెక్క దాచుకుని కూసోలేకపోయిన" అన్నాడు. ఆమె కాసేపు ఆయన్నే చూసి, "కూసో, చాయ్ పెడత" అంది.

ఆమె గుడికి రాలేదు. పత్తి మాత్రం ఆయనకే వేస్తుంది. వేసిన ప్రతిసారీ మొదట తన చేత్తోనే 20 కిలోల గుండు ఎత్తి పెట్టి చూసుకుంటుంది. ఈ సీజన్ మొదటి కాయ ఏరినప్పుడు గుండు దింపుతూ అడిగిందట: "మూడేండ్లది ఇచ్చినవు సరే. అంతకు ముందు ఎనిమిదేండ్లు కూడా నీకే వేసిన గద, దాని సంగతేంది?"

ఆ బుక్కులు లేవు. ఆయన నా దగ్గరికి వచ్చి అడిగాడు. నా దగ్గరా జవాబు లేదు. రెండు రోజులు ప్రార్థించుకుని, మళ్లీ ఆమె ఇంటికి వెళ్లి, నీకు ఎంత గుర్తుంటే అంత చెప్పు అత్తా, అదే లెక్క అన్నాడు. ఆమె పట్టా మీద కూర్చుని వేళ్లు మడుస్తూ చెప్పింది. కొడుకు పెళ్లయిన ఏడు తొమ్మిది బస్తాలు. బోరు ఎండిన ఏడు నాలుగే. ఆయన కొత్త బుక్కు తీసి మొదటి పేజీలో ఆమె పేరు రాసి, కింద రాసుకుంటూ పోయాడు.

బుక్కులో ఇంకా 72 పేర్లకు చోటు వదిలాడు.